మూర్ఛకు మందుంది, మరి వైద్యులేరీ?

మూర్ఛవ్యాధిని గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవడం తక్కువ. మాట్లాడుకున్నా గొంతు తగ్గించి మాట్లాడుకుంటాము. కొందరు 'ఫిట్స్' అంటారు, కొందరు 'మిర్గీ' అంటారు, పాతతరం వారు 'కాకిసోమాల' అనేవారు. పేరు ఏదైనా ఆ ఇంట్లో తల్లి పడే వేదన ఒక్కటే. బిడ్డ ఎప్పుడు, ఎక్కడ పడిపోతాడో తెలియదు. బడికి పంపాలంటే భయం, స్నానానికి పంపాలంటే భయం, ఆడపిల్లయితే పెళ్లి సంబంధం మాట ఎత్తాలంటే మరింత భయం.

ఈ వ్యాధిని గురించి వ్యాసాలు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. అవి రోగిని గురించి వ్రాస్తాయి, మందులను గురించి వ్రాస్తాయి. ఆ మందును సరిగా ఎంచి ఇవ్వవలసిన వైద్యుడు ఎలా తయారవుతాడు, అతనికి ఎవరు నేర్పుతారు, నేర్చిన తరువాత అతడు ఎక్కడ నిలబడతాడు అనే ప్రశ్నలను మాత్రం ఎవరూ అడగరు. ముప్పది ఏండ్లుగా పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో ఉన్నవానిగా నాకు ఈ ప్రశ్నలు ముఖ్యమైనవిగా తోస్తాయి. ఏ విద్య అయినా గ్రంథాలలో భద్రంగా ఉన్నంత మాత్రాన ప్రజలకు చేరదు. దానిని మోసుకొని వెళ్లే మనుషులు కావాలి.

లెక్కలు చెప్పే నిజం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది మూర్ఛవ్యాధితో జీవిస్తున్నారు. వారిలో దాదాపు 80 శాతం పేద, మధ్యతరగతి ఆదాయ దేశాలవారే. మన భారతదేశంలోనే ఈ సంఖ్య కోటికి పైగా ఉంటుందని వైద్యుల అంచనా. సరైన రోగ నిర్ధారణ, సరైన మందు లభిస్తే వీరిలో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా సాధారణ జీవితం గడపగలరని అదే సంస్థ చెబుతున్నది. అయినప్పటికీ నిరుపేద దేశాలలో నాలుగింట మూడు వంతుల మందికి అవసరమైన చికిత్స అందడం లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ వ్యాధికి వాడే ఫినోబార్బిటాల్ అనే మందు 1912 నుండి ఉన్నది, ఫెనిటాయిన్ 1938 నుండి ఉన్నది. ఇవి ఖరీదైన మందులు కావు. వందేళ్ల క్రితపు మందు ఈనాటికీ రోగికి అందకపోవడానికి మందుల ధర ఒక్కటే కారణం కాదు. వ్యాధిని గుర్తించి, తగిన మందును తగిన మోతాదులో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి వెంట ఉండి నడిపించగల శిక్షితులైన వైద్యులు చాలినంత మంది లేకపోవడం ఒక ప్రధాన కారణం.

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ మూర్ఛవ్యాధి, ఇతర నాడీ వ్యాధులపై ఒక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. 2031 నాటికి మూర్ఛవ్యాధి ఉన్నవారిలో 90 శాతం మందికి ఇది చికిత్స ఉన్న మెదడు వ్యాధి అనే అవగాహన, 80 శాతం మందికి భరించగల ధరలో మందులు, చికిత్స పొందేవారిలో 70 శాతం మందికి మూర్ఛలపై తగిన అదుపు కలగాలన్నది ఆశయం. ఆశయం గొప్పదే. కానీ ఈ మూడు మెట్లలో ప్రతి మెట్టు దగ్గరా ఒక వైద్యుడు నిలబడి ఉండాలి.

పన్నెండేళ్ల బాట

మన దేశంలో ఒక విద్యార్థి మూర్ఛవ్యాధి నిపుణుడు కావాలంటే ఎంతకాలం పడుతుందో లెక్క వేద్దాము. ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ కలిపి అయిదున్నర సంవత్సరాలు. ఆపైన జనరల్ మెడిసిన్‌లో గాని, పిల్లల వైద్యంలో గాని ఎండీ మూడేళ్లు. తరువాత న్యూరాలజీలో డీఎం మరి మూడేళ్లు. అంతటితో అతడు నాడీ వైద్యుడవుతాడు గాని మూర్ఛవ్యాధి నిపుణుడు కాడు. అందుకు కనీసం మరొక ఏడాది ఫెలోషిప్ చేయాలి. మొత్తం పన్నెండున్నర సంవత్సరాలు. మధ్యలో వచ్చే ప్రవేశ పరీక్షలకు పోయే కాలం, ప్రభుత్వానికి ఇచ్చిన హామీ మేరకు చేసే తప్పనిసరి సేవా కాలం దీనికి అదనం. పద్ధెనిమిదేళ్లకు మెడికల్ కాలేజీలో అడుగుపెట్టిన పిల్లవాడు ముప్పది రెండు, ముప్పది మూడేళ్ల వయసులో ఈ విద్యలో మొదటి మెట్టు ఎక్కుతాడన్నమాట.

ఇంత దీర్ఘమైన చదువులో మూర్ఛవ్యాధికి దక్కే పాలు ఎంత? ఎంబీబీఎస్‌లో కొన్ని పాఠాలు. డీఎం శిక్షణలో పక్షవాతం, పార్కిన్సన్, నరాల బలహీనత, మెదడు జ్వరం వంటి అనేక వ్యాధుల నడుమ ఇదీ ఒకటి. రాత్రి పూట అత్యవసర విభాగానికి పక్షవాతం రోగి వస్తే యువవైద్యుడు అక్కడికి పరుగెత్తాలి. మూర్ఛరోగి వద్ద గంటసేపు కూర్చొని అతని కథ వినే అవకాశం తక్కువ. అందుచేత డిగ్రీ చేతికి వచ్చిన నాటికి కూడా చాలామందికి ఈ ఒక్క వ్యాధి విషయంలో పూర్తి నిబ్బరం ఏర్పడదు. ఇది వారి లోపం కాదు, శిక్షణ అమరికలో ఉన్న లోపం.

కాగితం మీది గీతలు చదవడం

మెదడులోని విద్యుత్ తరంగాలను గీతలుగా చూపే పరీక్షను ఈఈజీ అంటాము. మనిషి మెదడు తరంగాలను మొదటిసారి 1924లో నమోదు చేసినవాడు జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్. నూరేళ్లు గడిచినా ఈ పరీక్షలో కీలకమైనది యంత్రం కాదు, గీతలను చదివే కన్ను. నిద్రమత్తులో వచ్చే తరంగాలు, కనురెప్పల కదలిక, వదులైన తీగ, ఇవన్నీ మూర్ఛ గుర్తులవలె కనిపించి మోసం చేయగలవు. కన్ను కుదరని వైద్యుడు ఆరోగ్యవంతుని గీతలను రోగి గీతలుగా చదివితే, ఆ మనిషి ఏళ్ల తరబడి అనవసరమైన మాత్రలు మింగుతాడు. మందులకు లొంగడం లేదని పెద్ద మూర్ఛ కేంద్రాలకు పంపబడే వారిలో 20 నుండి 30 శాతం మందికి అసలు మూర్ఛవ్యాధి లేదని తేలుతున్నట్లు వైద్య సాహిత్యం చెబుతున్నది. కొందరిది గుండె లయ తప్పడం వల్ల వచ్చే స్పృహ కోల్పోవడం, మరికొందరిది మానసిక వేదన శరీరం మీద వ్యక్తమయ్యే మూర్ఛవంటి స్థితి. ఈ రెండవ కోవ వారికి అసలు కారణం తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ వారు తప్పు మందు మీదనే గడుపుతారు.

పరీక్షల కంటే ముందు రావలసినది ప్రశ్న. ఒక ఉదాహరణ చెబుతాను. కౌమారంలో ఉన్న అమ్మాయికి రెండుసార్లు పెద్ద మూర్ఛ వచ్చింది. వైద్యుడు ఆ మూర్ఛను గురించి మాత్రమే అడిగి మందు వ్రాస్తే ఒక ముఖ్య విషయం జారిపోవచ్చు. "ప్రొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడినట్లు అదురుతాయా? టీ కప్పు గాని, దువ్వెన గాని చేతిలోనుండి ఎగిరి పడుతుందా? రాత్రి సరిగా నిద్రపోని మరునాడు ఇది ఎక్కువవుతుందా?" అని అడిగితే వేరొక రకం మూర్ఛవ్యాధి బయటపడుతుంది. ఆ రకానికి కార్బమజిపైన్ అనే మందు ఇస్తే అదురు తగ్గకపోగా హెచ్చవచ్చు. మరొక రకం మూర్ఛకు అదే మందు ఎంతో మేలు చేస్తుంది. ఈ మూడు ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు చాలు. కానీ వాటిని అడగాలన్న తలపు కలగడానికి మంచి గురువు దగ్గర శిక్షణ కావాలి.

మన నేల నేర్పే పాఠాలు

యువవైద్యులు చదివే పాఠ్యగ్రంథాలు ఎక్కువగా అమెరికా, ఐరోపాలలో వ్రాయబడినవి. మన రోగులకు వచ్చే మూర్ఛకు కారణాలు కొన్ని మన నేలకు ప్రత్యేకమైనవి. వాటిని ఇక్కడి గురువులే నేర్పాలి.

మొదటిది బద్దెపురుగు వల్ల వచ్చే మెదడు తిత్తులు. మన దేశంలో మూర్ఛలకు ఇది ముఖ్యమైన కారణాలలో ఒకటి. ఈ పురుగు పంది మాంసం ద్వారా మనిషి పేగులలో చేరుతుంది. కనుక "మేము పంది మాంసం ముట్టము గదా, మాకెలా వస్తుంది?" అని మన ముస్లిం కుటుంబాలు అడగడం సహజం. ఈ పురుగు కడుపులో ఉన్న మనిషి మలం ద్వారా దాని గుడ్లు బయటికి వస్తాయి. కలుషితమైన నీరు, కడగని ఆకుకూరలు, శుభ్రం లేని చేతుల ద్వారా ఆ గుడ్లు ఎవరి నోటిలోనికైనా పోవచ్చు. అక్కడినుండి పిల్లపురుగులు రక్తంలో ప్రయాణించి మెదడులో తిత్తులుగా స్థిరపడతాయి. 1992లో న్యూయార్క్ నగరంలోని సనాతన యూదు కుటుంబాలలో ఈ వ్యాధి బయటపడినప్పుడు వైద్యులే ఆశ్చర్యపోయారు. వారు పంది మాంసాన్ని దరిచేరనివ్వని వారు. విచారిస్తే, ఈ పురుగు ఎక్కువగా ఉన్న దేశాలనుండి వచ్చి ఆ ఇళ్లలో పనిచేసిన వారి ద్వారా అంటుకొన్నట్లు తేలింది. రోగి మతాన్ని చూసి వ్యాధి లేదని నిశ్చయించుకోరాదనే పాఠం ఇందులో ఉన్నది. పరిశుభ్రతను విశ్వాసంలో భాగంగా భావించే మనకు ఇందులో మరొక పాఠమూ ఉన్నది.

రెండవది వేడినీటి మూర్ఛ. తలమీద వేడినీళ్లు పోసుకొన్నప్పుడు కొందరికి మూర్ఛ వస్తుంది. ప్రపంచంలో చాలాచోట్ల అరుదైన ఈ రకం దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటక దక్షిణ జిల్లాలలో, ఎక్కువగా కనిపిస్తుంది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ వైద్యులు దీనిపై ఎంతో పరిశోధన చేశారు. నీటి వేడి తగ్గించడం, కొందరికి తలస్నానానికి ముందు మాత్రమే ఒక మాత్ర వేసుకోవడం చాలునని తేల్చారు. "స్నానం చేసేటప్పుడు వస్తుందా?" అని అడగడం తెలియని వైద్యునికి ఈ సులభ చికిత్స తట్టదు.

రోగి నోరు విప్పి అడగని ప్రశ్నలు

మన సమాజంలో మూర్ఛవ్యాధిగల స్త్రీ పరిస్థితి ప్రత్యేకమైనది. సోడియం వాల్‌ప్రొయేట్ అనే మందు శక్తిమంతమైనది, చవకైనది, విరివిగా వాడబడుతున్నది. గర్భిణి దానిని వాడితే పుట్టే ప్రతి పదిమందిలో సుమారు ఒక శిశువుకు అవయవ లోపం ఏర్పడే అవకాశం ఉన్నది. మరింత మంది పిల్లలలో ఎదుగుదల, నేర్చుకునే శక్తి దెబ్బతినవచ్చు. అలాగని గర్భం రాగానే భయపడి మందు తనంతట తాను ఆపివేస్తే మూర్ఛలు వరుసగా వచ్చి తల్లీబిడ్డల ప్రాణానికే ముప్పు. కనుక పెళ్లికి ముందే, గర్భానికి ముందే ఈ సంగతి మాట్లాడి మందు మార్చవలసి ఉంటుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ 1998 నుండి మూర్ఛవ్యాధిగల గర్భిణుల వివరాలను నమోదు చేస్తూ ఈ విషయంలో మన దేశానికి సొంత జ్ఞానాన్ని సమకూర్చింది. ఆ జ్ఞానం చిన్న ఊరి యువవైద్యునికి చేరాలి. చేరినా, ఎదుట కూర్చున్న పెళ్లికాని అమ్మాయితో, ఆమె తల్లితో ఈ మాట ఎలా ఎత్తాలో అతనికి ఎవరైనా నేర్పాలి.

కొందరు తల్లిదండ్రులు వ్యాధిని దాచి నికాహ్ చేస్తారు. అత్తవారింట మాత్రలు కనిపిస్తాయేమోనని అమ్మాయి మందు మానివేస్తుంది. పెళ్లి పనులలో నిద్రలేమి దీనికి తోడవుతుంది. కొత్త ఇంట్లో మొదటి వారంలోనే ఆమె కుప్పకూలుతుంది. దాచడం వల్ల అటు నమ్మకమూ పోయింది, ఇటు ఆరోగ్యమూ పోయింది. హిందూ వివాహ చట్టం నుండి, ప్రత్యేక వివాహ చట్టం నుండి మూర్ఛవ్యాధిని అభ్యంతరాల జాబితాలో 1999లో తొలగించారు. చట్టం మారిన వేగంతో మనసులు మారలేదు. రెండు కుటుంబాలను కూర్చోబెట్టి నిజం చెప్పి ధైర్యం చెప్పగల వైద్యుడు అందుకే కావాలి.

ఉపవాసం సంగతి మరొకటి. రమజాన్ వస్తున్నదంటే మూర్ఛరోగి మనసులో ఒక సంఘర్షణ మొదలవుతుంది. వైద్యుడు "ఉపవాసం వద్దు" అని ఒక్క మాటలో కొట్టివేస్తే చాలామంది అతనికి చెప్పకుండానే ఉపవాసం ఉండి పగటి మాత్ర మానేస్తారు. శిక్షణ పొందిన వైద్యుడు అలా చేయడు. ఏ మందు రోజుకు ఒకసారి చాలును, ఏది సహరీ, ఇఫ్తార్ వేళలకు సర్దవచ్చును, ఎవరికి మూర్ఛలు అదుపులో లేనందున ఉపవాసం ప్రమాదకరం, రాత్రి మేలుకోవడం ఎవరికి హాని చేస్తుంది అని విడివిడిగా చూస్తాడు. రోగికి దివ్యఖుర్ఆన్ స్పష్టంగా మినహాయింపునిచ్చింది. తరువాత పూర్తి చేసుకొనే మార్గమూ, అది సాధ్యం కానివారికి ఫిద్‌యా మార్గమూ పండితులు వివరించారు. ఇక్కడ వైద్యుని మాట, ఆలిం మాట ఒకటి కావాలి. రమజాన్‌కు రెండు నెలల ముందే ఈ సంభాషణ జరిగితే మంచిది.

చెప్పడానికి అన్నింటికంటే కష్టమైన విషయం ఒకటున్నది. మూర్ఛవ్యాధి ఉన్న పెద్దవారిలో ఏడాదికి సుమారు వెయ్యికి ఒకరు ఆకస్మికంగా మరణిస్తారు. అదుపులో లేని పెద్ద మూర్ఛలు ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మందు క్రమం తప్పకుండా వేసుకోవడమే దీనికి ముఖ్యమైన రక్షణ. ఈ మాట చెప్పకపోతే రోగికి అన్యాయం, మొరటుగా చెబితే మరొక అన్యాయం. ఇది ఏ పరీక్షలోనూ మార్కులు రాని విద్య. పెద్దవైద్యుడు చెబుతుండగా పక్కన నిలబడి చూసి నేర్చుకోవలసినది.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించగా సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో నమోదైన ఒక సంఘటన ఈ సందర్భంగా తలపునకు వస్తుంది. మూర్ఛలతో బాధపడే ఒక నల్లజాతి స్త్రీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. తాను పడిపోతున్నానని, ఆ సమయంలో తన దుస్తులు తొలగుతున్నాయని రెండు బాధలు చెప్పుకొన్నది. ఓర్పు వహిస్తే లభించే స్వర్గాన్ని, స్వస్థతకై ప్రార్థనను రెండింటినీ ఆయన ఆమె ఎదుట ఉంచారు. ఆమె ఓర్పును ఎన్నుకొని, తన మానం తొలగకుండా ఉండేందుకు ప్రార్థించమని మాత్రం కోరింది. ఆయన ప్రార్థించారు. చికిత్స చేయించుకొమ్మని వేరే హదీసులలో ఆయనే ఆదేశించి ఉన్నందున, మందు మానడానికి ఈ సంఘటనను ఆధారం చేసుకొనరాదు. యువవైద్యులు గమనించవలసినది మరొకటి. ఆమెను అన్నింటికంటే కలచివేసినది మూర్ఛ కాదు, నలుగురిలో అవమానం. ఆమె మాట పూర్తిగా వినబడింది, ఎన్నిక ఆమెకే ఇవ్వబడింది.

గురువు ప్రక్కన కూర్చునే విద్య

మదరసాలో ఆలిం కోర్సు పూర్తిచేసినవాడు వెంటనే ఫత్వా ఇవ్వడు. అతడు ముఫ్తీ గారి దగ్గర తఖస్సుస్ చేస్తాడు. ప్రశ్నకు జవాబు తాను వ్రాస్తాడు, గురువు దిద్దుతారు, మళ్లీ వ్రాస్తాడు. వందల జవాబులు దిద్దబడిన తరువాతే అతని సంతకానికి విలువ వస్తుంది. ఈఈజీ చదవడం కూడా సరిగా ఇటువంటిదే.

వైద్యంలో ఈ సంప్రదాయం కొత్తది కాదు. రయ్, బాగ్దాద్ నగరాల ఆస్పత్రులకు పెద్దగా వ్యవహరించిన అబూబక్ర్ అల్‌రాజీ శిక్షణ పద్ధతిని ఇబ్నె నదీం తన గ్రంథంలో వర్ణించాడు. రాజీ చుట్టూ శిష్యులు, వారి చుట్టూ మరికొందరు శిష్యులు వలయాలుగా కూర్చునేవారు. రోగి ముందుగా చివరి వలయం వారికి తన బాధ చెప్పేవాడు. వారికి తెలియకపోతే లోపలి వలయానికి, వారికీ తెలియకపోతే రాజీ దగ్గరకు చేరేవాడు. క్రీ.శ. 931లో బాగ్దాద్‌లో వైద్యుని పొరపాటు వల్ల ఒక రోగి మరణించినప్పుడు ఖలీఫా అల్‌ముఖ్తదిర్, సినాన్ ఇబ్నె సాబిత్ అనే వైద్య ప్రముఖుని చేత నగరంలోని వైద్యులకు పరీక్ష పెట్టించాడు. 860 మందికి పైగా వైద్యులు ఆ పరీక్ష ద్వారా అనుమతి పొందారు.

నేటి వ్యవస్థలో కూడా ఇటువంటి వలయాలే కావాలి. మొదటి వలయంలో ప్రాథమిక వైద్యుడు, రెండవ వలయంలో న్యూరాలజిస్టు, లోపలి వలయంలో మూర్ఛవ్యాధి నిపుణుడు. 1909లో బుడాపెస్ట్‌లో స్థాపితమైన అంతర్జాతీయ మూర్ఛవ్యాధి వ్యతిరేక సమాఖ్య 2019లో ప్రకటించిన పాఠ్యప్రణాళిక నేర్చుకోవలసిన వాటిని మూడు స్థాయిలుగా విభజించింది. ఆ సమాఖ్య నడిపే అకాడమీ ద్వారా కంప్యూటర్ మీదనే రోగుల ఉదాహరణలతో పాఠాలు నేర్చుకోవచ్చు. యువవైద్యుల కోసం అందులో ప్రత్యేక విభాగం ఉన్నది. ఆసియా స్థాయిలో ఈఈజీ పరీక్షకు ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉన్నది. మన దేశంలో ఇండియన్ ఎపిలెప్సీ సొసైటీ శిక్షణ కార్యక్రమాలు నిర్వహిస్తున్నది. ద్వారాలు మూసి లేవు. కానీ తెరపై చూసే పాఠం గురువు స్థానాన్ని పూర్తిగా తీసుకోలేదు.

గురుపరంపర ఎంత దూరం పోతుందో శస్త్రచికిత్స చరిత్ర చూపుతుంది. కెనడాలోని మాంట్రియల్‌లో ప్రఖ్యాత వైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన డాక్టర్ జాకబ్ చాండీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి మన దేశంలో నాడీ శస్త్రచికిత్సకు, మూర్ఛ శస్త్రచికిత్సకు పునాది వేశారు. ఒకే ఒక్క శిష్యుని ద్వారా ఒక విద్య సముద్రాలు దాటింది. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లలపై జరిపిన అధ్యయనాన్ని ప్రకటించారు. శస్త్రచికిత్స జరిగినవారిలో 77 శాతం మందికి ఏడాది తరువాత మూర్ఛలు లేవు. మందులు మాత్రమే కొనసాగించిన వారిలో అది 7 శాతమే. సరైన రెండు మందులు తగిన మోతాదులో వాడినా లొంగని రోగిని పెద్ద కేంద్రానికి పంపాలనే జ్ఞానం ప్రతి వైద్యునికీ ఉండాలి. ఏళ్లు గడిచాక పంపితే చదువు, ఉద్యోగం, యౌవనం అన్నీ గడిచిపోయి ఉంటాయి.

చదువు ముగిసిన తరువాత

ఇంత నేర్చిన యువవైద్యుడు ఎక్కడికి వెళతాడు? మూర్ఛవ్యాధి నిపుణుడు అనే పేరుతో ప్రభుత్వ ఆస్పత్రులలో ప్రత్యేక ఉద్యోగాలు అరుదు. అతడు సాధారణ న్యూరాలజిస్టుగానే చేరతాడు. రోజంతా వీడియోతో కూడిన ఈఈజీ తీసే సదుపాయం జిల్లా ఆస్పత్రులలో సాధారణంగా ఉండదు. ఉన్నచోట నడిపే టెక్నీషియన్ ఉండడు. ఒక్కొక్క రోగికి అయిదు నిమిషాలు దొరకడమే గగనమయ్యే ఓపీలో, గంటసేపు వినవలసిన వ్యాధికి చోటు లేదు. ప్రైవేటు ఆస్పత్రిలో చేరితే, ఓపికగా విని చవకైన పాత మందు వ్రాసే వైద్యుని కంటే ఎక్కువ ఆదాయం తెచ్చే వైద్యునికి విలువ ఎక్కువ. దానితో నేర్చిన విద్య తుప్పు పడుతుంది.

కావలసినవి ఏమిటో దీనిని బట్టి తెలుస్తుంది. చేరిన మొదటి అయిదేళ్లు కష్టమైన రోగిని గురించి ఫోనులోనైనా సలహా అడగగల పెద్దవైద్యుడు ఒకరు కావాలి. వారానికి ఒక పూట అయినా మూర్ఛరోగులకే కేటాయించిన ఓపీ కావాలి. పరిశోధనకు, చదువుకు కేటాయించిన కొంత సమయం కావాలి. మనస్తత్వ నిపుణులు, రేడియాలజిస్టు, న్యూరోసర్జన్, సామాజిక కార్యకర్తలతో కూడిన బృందం కావాలి. హైదరాబాదు నిమ్స్ వంటి పెద్ద సంస్థలకు, చుట్టుపట్ల జిల్లాలలో పనిచేసే యువవైద్యులకు మధ్య రాకపోకలు క్రమంగా సాగాలి. యువ వైద్యురాళ్లకు ప్రసవం, పిల్లల పెంపకం మూలంగా శిక్షణలో విరామం వస్తే తిరిగి చేరే మార్గం కావాలి. మన స్త్రీలు వైద్యురాలి ఎదుటే మనసు విప్పుతారని ఎరిగినవారు ఈ చివరి అవసరాన్ని చిన్నదిగా చూడరు.

మన వంతు

ఇది ప్రభుత్వాల పని, విశ్వవిద్యాలయాల పని అని మనం తప్పుకొనరాదు. కుటుంబాలకూ ఇందులో వంతున్నది. మన పిల్లలు ఎంబీబీఎస్ పూర్తిచేయగానే "ఇంకెన్నాళ్లు చదువు? క్లినిక్ పెట్టు, సంపాదించు" అని తొందరపెడతాము. అమ్మాయి అయితే "ముందు పెళ్లి" అంటాము. ముప్పది రెండేళ్ల వరకు చదువుకొనే కొడుకును గాని, కోడలిని గాని ఓపికగా నిలబెట్టే కుటుంబం నిజానికి వందలాది ఇళ్లకు మేలు చేస్తున్నది. స్థోమత ఉన్నవారు యువవైద్యుల ఉన్నత శిక్షణకు, ఫెలోషిప్‌కు సహాయపడటం కూడా ఎంతో విలువైన దానం.

మసీదులకు, మదరసాలకు కూడా వంతున్నది. బిడ్డ పడిపోతే చాలా కుటుంబాలు ముందుగా వచ్చేది మౌలానా దగ్గరకే. దుఆ చేయడం మన పని, చేస్తాము. అదే నోటితో "రేపే డాక్టరుకు చూపించండి, మాత్ర ఒక్కపూట కూడా మానకండి" అని చెప్పడమూ మన పనే. ఊరిలో న్యూరాలజీ వైద్యుడు ఉంటే అతనిని ఒక జుమా తరువాత అరగంట మాట్లాడేందుకు ఆహ్వానించవచ్చు. ఆ వైద్యునికి అది జనం భాష నేర్చుకొనే పాఠం అవుతుంది. జనానికి వ్యాధి భయం పోగొట్టే పాఠం అవుతుంది.

రోగి కుటుంబం కూడా యువవైద్యునికి గురువు కాగలదు. మూర్ఛ వచ్చినప్పుడు ఎంతసేపు ఉన్నదో గడియారం చూడండి. ఒకరు రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకింద మెత్తనిది ఉంచుతుండగా మరొకరు సెల్‌ఫోనులో వీడియో తీయండి. చేతిలో తాళాలు, ఇనుప వస్తువులు పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపడం, నోటిలో చెంచా దూర్చడం చేయకండి. అయిదు నిమిషాలకు మించితే ఆలస్యం చేయక ఆస్పత్రికి తరలించండి. ఆ వీడియోను, మూర్ఛలు వచ్చిన తేదీల పుస్తకాన్ని వైద్యుని ముందు పెట్టండి. ఎన్నో పరీక్షలు చెప్పలేనిది ఆ ఒక్క నిమిషం వీడియో చెబుతుంది.

యువవైద్యుడు "ఇది నాకు పూర్తిగా తెలియడం లేదు, పెద్ద కేంద్రానికి వ్రాసి ఇస్తాను" అంటే అతనిని చిన్నచూపు చూడకండి. మన పూర్వ పండితులు తెలియనిదానికి తెలియదని చెప్పడాన్ని విద్యలో సగంగా ఎంచారు. అటువంటి వైద్యుడే నేర్చుకొంటూ ఎదుగుతాడు. అతనిని నిలబెట్టుకొంటే పదేళ్ల తరువాత మన ఊరి పిల్లలకు హైదరాబాదు, బెంగళూరు ప్రయాణాలు తప్పుతాయి.

రోగులకు స్వస్థతను, వైద్యులకు జ్ఞానాన్ని, ఓర్పును, వారిని తీర్చిదిద్దే గురువులకు దీర్ఘాయువును అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.